కేశవరావు సినిమా క్యాసెట్టు

రెండువేల సంవత్సరం ఆగస్టులో ఒక శనివారం పొద్దున కేశవరావు సింగపూర్‌లోని బుకిట్ బటోక్‌లో తమ బ్లాకు కింద ఉన్న పోస్టు డబ్బా తెరిచాడు. మూడు వారాలుగా ఆయన ఎదురుచూస్తున్నది ఒక పార్సెలు. డబ్బాలో ఉన్నది సినిమాల సెన్సారు ఆఫీసు నుంచి ఒక పల్చటి కవరు. లోపల ఎంతో మర్యాదగా నాలుగు వాక్యాలు. మీ పేరున విదేశం నుంచి ఒక వీడియో క్యాసెట్టు వచ్చింది, పరిశీలన నిమిత్తం దాన్ని మా దగ్గర నిలిపి ఉంచాం, వచ్చి దరఖాస్తు నింపగలరు, అసౌకర్యానికి చింతిస్తున్నాం.

తొమ్మిదో అంతస్తుకి వెళ్ళేలోగా లిఫ్టులో ఆ కాగితం రెండుసార్లు చదివాడు. తలుపు తీసిన భార్యతో, "వచ్చేసిందోయ్!" అన్నాడు.

కోటేశ్వరి ఆయన చేతులకేసి చూసి, "ఏదండీ మరి?" అంది.

"ఆఫీసులో పెట్టారట. ఓ కాగితం నింపి తెచ్చుకోవడమే."

అప్పటికి కేశవరావుకి నలభై ఏడేళ్ళు. సొంతూరు నిడదవోలు. తండ్రి రైస్‌మిల్లులో గుమాస్తాగా చేస్తూ యూనియన్ పనులు చూసేవాడు. ఆ పరిచయాల వల్లే డెబ్భై రెండులో కేశవరావుకి సోవియట్ దేశంలో చదువుకునే అవకాశం వచ్చింది. మాస్కో కాదు. ఒక పెద్ద నది ఒడ్డున, ఎవరూ పేరు వినని చిన్న ఊళ్ళో, పడవలూ రేవులూ నడిపే విద్య నేర్పే కాలేజీ. అయిదేళ్ళు అక్కడ ఉండి తిరిగొచ్చాక, నేర్చిన విద్యతో సంబంధం లేకుండా విశాఖపట్నంలో ఒక కంప్యూటర్ సెంటర్లో ఉద్యోగం దొరికింది. అక్కడ కోబాల్ భాషలో ప్రోగ్రాములు రాస్తూ ఇరవై ఏళ్ళు గడిపాడు. కుర్రకారంతా ఆ భాష వదిలేసి కొత్తవాటి వెంట పడ్డారు. అయితే తొంభై ఎనిమిది వచ్చేసరికి, రెండువేల సంవత్సరంలో పాత ప్రోగ్రాములన్నీ తారీఖులు తప్పు లెక్కేస్తాయని ప్రపంచమంతా బెంబేలెత్తింది. పాత భాష తెలిసిన పాత మనుషుల కోసం వెతుకులాట మొదలైంది. అలా సింగపూర్‌లో ఒక బ్యాంకు పనికి, కాంట్రాక్టు మీద, భార్యనీ కూతురినీ వెంటబెట్టుకుని వచ్చాడు.

ఆయన జీవితంలో చెప్పుకోదగ్గ సంగతి ఒకటుంది. ఆయన ఒక సినిమాలో నటించాడు.

డెబ్భై నాలుగు చలికాలంలో ఆయన చదువుకునే ఊరికి ఒక సినిమా బృందం వచ్చింది. తీసేది హాస్య చిత్రం. కథ ఇదీ. చిన్న ఊళ్ళో నది దాటడానికి ఒకే ఒక్క పడవ. చలికాలం నది గడ్డకట్టుకుపోతుంది కనుక జనం మంచు మీద నడిచి అవతలికి వెళ్ళిపోతుంటారు. ఒకరోజు పైనుంచి ఒక ఫారం వస్తుంది. డిసెంబరు నెలలో పడవ ఎక్కినవాళ్ళు ఎంతమంది? గుమాస్తా సున్నా వేసి పంపుతాడు. ఈ గడిలో సున్నా చెల్లదు అని ఫారం తిరిగొస్తుంది. రేవు అధికారికి ముచ్చెమటలు పడతాయి. ఉన్న ఒక్క పడవనీ గుర్రాలు కట్టి మంచు మీద లాగించడం మొదలుపెడతాడు. నడిచిపోయే జనమంతా టిక్కెట్టు కొనాలి. పడవ అంచు పట్టుకుని దాని పక్కనే నడవాలి.

ఆ టిక్కెట్టు వరసలో నిలబడడానికి ఊళ్ళో జనాన్ని పోగుచేస్తుంటే, సంతలో ఉల్లిపాయలు కొనుక్కుంటున్న నల్లటి కుర్రాడు దర్శకుడి కంటపడ్డాడు. మర్నాడు కేశవరావు అరువు కోటుతో, చెవులు మూసే టోపీతో ఆ వరసలో నిలబడ్డాడు. వంతు రాగానే కిటికీలోకి వంగి రష్యన్‌లో ఒక్క మాట అడగాలి. "విదేశీయులకి వేరే టిక్కెట్టు ఉందా?" లోపలున్న ఆవిడ తన పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిరగేసి, ఏమీ చెప్పకుండా కిటికీ మూసేస్తుంది. అతను అలాగే నిలబడి ఉంటాడు. అంతే, పన్నెండు సెకన్లు. సినిమా పూర్తయ్యాక ఊరి క్లబ్బులో ఆడించారు. ఆ పన్నెండు సెకన్లకి హాలంతా పడీపడీ నవ్వింది. కేశవరావు మళ్ళీ ఆ సినిమా చూడలేదు.

ఇండియాలో ఈ సంగతి ఎవరూ నమ్మలేదు. బావమరుదులు "రష్యా హీరోగారు" అని పిలిచి నవ్వుకునేవారు. కోటేశ్వరి పెళ్ళైన మొదటి నెలలోనే కథంతా వింది. నమ్మిందో లేదో ఆవిడ ఎప్పుడూ పైకి అనలేదు. పన్నెండేళ్ళ కూతురు ఉజ్వల మాత్రం ఏదీ దాచుకునే రకం కాదు. "యూ? మూవీలోనా? డోంట్ బ్లఫ్ లా నాన్నా," అంది సింగపూర్ యాసలో, కోతలు కొయ్యకు అన్నట్టు.

ఆ మాట ఆయనకి లోపల ఎక్కడో గుచ్చుకుంది. ఆఫీసులో ఇంటర్నెట్ వచ్చిన కొత్తలో పాత సహాధ్యాయి అర్కాదీని వెతికి పట్టుకున్నాడు. అర్కాదీ ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్నాడు. టీవీలో ఆ సినిమా వేసినప్పుడు రికార్డు చేసి, క్యాసెట్టు గుడ్డలో చుట్టి పోస్టులో పంపాడు.

సోమవారం కేశవరావు సగంరోజు సెలవు పెట్టి ఆ కార్యాలయానికి వెళ్ళాడు. చల్లటి హాలు, టోకెన్ నంబర్లు, మెత్తటి కుర్చీలు. కౌంటర్లో మేడమ్ నూర్‌హయాతి అని ఒకావిడ, ముప్పై అయిదేళ్ళుంటాయి, తలకి లేత నీలం రంగు ముసుగు కట్టుకుని, పళ్ళన్నీ కనిపించేలా నవ్వి పలకరించింది. మాటలన్నీ ఇంగ్లీషులోనే.

"ఏ దేశంలో తీసిన సినిమా సర్?"

"సోవియట్ యూనియన్."

ఆవిడ కంప్యూటర్లో జాబితా పైకీ కిందకీ జరిపి చూసింది. "ఆ దేశం లేదు సర్."

"అవునండి, ఇప్పుడు లేదు. సినిమా తీసినప్పుడు ఉంది."

"రష్యా వెయ్యనా?"

"తీసిన కంపెనీ ఇప్పుడు వేరే దేశంలో ఉంది. సినిమా తీసిన నదికి అటు గట్టు ఒకళ్ళది, ఇటు గట్టు ఒకళ్ళది."

"గడి ఖాళీగా ఉంటే దరఖాస్తు ముందుకి కదలదు సర్. సారీ."

కిందటేడాది బ్యాంకు ప్రోగ్రాములు శుభ్రం చేస్తూ, దేశాల పట్టికలోంచి పనికిరానివాటిని తీసేసింది కేశవరావే. ఆ దేశం వరస దగ్గర ఒక్క క్షణం వేలు ఆగింది. తర్వాత నొక్కేశాడు. ఇక్కడ కూడా తనలాంటి వాడెవడో అదే పని చేసి ఉంటాడు.

చివరికి ఆవిడే పైవాళ్ళని అడిగి, "ఇతర దేశాలు" అని నింపింది. దాంతో ఆ దరఖాస్తు వేరే రంగు ఫారంలోకి మారింది. ఆ రంగు ఫారానికి సినిమాలో ఉన్న మాటలన్నిటికీ ఇంగ్లీషు అనువాదం జతపరచాలి.

"క్యాసెట్టు మీ దగ్గరుంది. చూడకుండా ఎలా అనువాదం చెయ్యమంటారండి?"

"నిజమే సర్," అని ఆవిడ చాలా బాధగా ఒప్పుకుంది. "కష్టమే."

ఇంటికొచ్చేటప్పుడు రైల్లో కూర్చుని కేశవరావు ఆ పాత ఊరి ఆఫీసులు తలుచుకున్నాడు. అక్కడ కిటికీ వెనక మనుషులు అరిచేవారు. వాళ్ళు అరిస్తే మనమూ అరవచ్చు. గొడవ ముదిరాక లోపలినుంచి ఎవరో వచ్చి, విసుక్కుంటూ ముద్ర కొట్టి పంపేసేవారు. ఇక్కడ అందరూ మంచివాళ్ళే. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియదు.

అర్కాదీకి రాస్తే అతను ఊరి క్లబ్బులో మిగిలిన పాత రీలు వేయించుకుని సినిమా మళ్ళీ చూసి, మాటలన్నీ రష్యన్‌లో రాసి పంపాడు. ముప్పై ఎనిమిది పేజీలు. సెప్టెంబరంతా ఆదివారాలు కేశవరావు భోజనాల బల్ల మీద కూర్చుని వాటిని ఇంగ్లీషు చేశాడు. మొదట తెలుగులో పైకి చెప్పుకునేవాడు. వంటింట్లో చేపలు కడుగుతున్న కోటేశ్వరి వినేది.

"ఆ రేవు ఆఫీసరు మావూరి తాసీల్దారే అనుకోండి," అని ఒకసారి నవ్వింది. ఇంకోసారి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "తర్వాతేమైంది? పడవ మధ్యలో ఇరుక్కుందన్నారు కదా, గుర్రాల్ని ఏంచేశారు?" అని అడిగింది. ఇరవై ఏళ్ళలో ఆవిడ ఆ సినిమా గురించి తనంతట తాను అడగడం అదే మొదలు.

ఉజ్వల ఇంగ్లీషు దిద్దేది. "నాన్నా, దిస్ సెంటెన్స్ కెనాట్ లా," అని కొట్టేసి తన గుండ్రటి అక్షరాలతో తిరగరాసేది. టిక్కెట్టు కిటికీ దగ్గరికి వచ్చినప్పుడు పెన్సిల్ ఆపి, "దిస్ వన్ ఈజ్ యూ?" అంది. అవునన్నాడు. ఆ ఒక్క వాక్యంలో ఏమీ దిద్దలేదు.

అక్టోబరులో అనువాదం ఇచ్చాడు. నవంబరులో జవాబు వచ్చింది. దరఖాస్తుదారు తన అనువాదాన్ని తానే ధ్రువీకరించరాదు. గుర్తింపు పొందిన అనువాదకులు సంతకం చెయ్యాలి.

"ఆ అనువాదకులు ఎవరండి?" అని కేశవరావు కౌంటర్లో అడిగాడు.

మేడమ్ నూర్‌హయాతి జాబితా తీసింది. చైనీస్, మలయ్, తమిళం, జపనీస్, ఫ్రెంచి, అన్నిటికీ ఎదురుగా పేర్లున్నాయి. రష్యన్ ఎదురుగా ఖాళీ.

"పేర్లు లేవు సర్."

"మరైతే?"

"ఎవరైనా చేరితే ఉంటాయి."

ఆయన వదల్లేదు. పిల్లలకి రష్యన్ పాఠాలు చెప్పే ఒక వృద్ధురాలిని పట్టుకుని, ఊరికి ఆ చివరున్న పాసిర్ రిస్‌లో వాళ్ళింటికి వెళ్ళాడు. ఆవిడ ముప్పై ఎనిమిది పేజీలూ అక్కడికక్కడే చదివింది. మధ్యమధ్య కళ్ళజోడు తీసి నవ్వింది. మూడు చోట్ల తప్పులు చూపించి, చివర సంతకం చేసి, చాయ్ పోసి పంపింది. ఆవిడ పేరు జాబితాలో లేదు కాబట్టి ఆ సంతకం చెల్లలేదు. జాబితాలో చేరాలంటే ఆవిడ చదువుకున్న విశ్వవిద్యాలయం నుంచి ధ్రువపత్రం రావాలి. ఆ విశ్వవిద్యాలయం పేరు అప్పటికి రెండుసార్లు మారింది.

ఇవన్నీ మేడమ్ నూర్‌హయాతికి చెప్తూ జనవరిలో ఒకరోజు కేశవరావు కౌంటరు ముందే కళ్ళు తుడుచుకున్నాడు. వెనక కుర్చీల్లో జనం తలెత్తి చూశారు. ఆయనకి సిగ్గేసింది. "ఏంలేదండి. మా అమ్మాయికి చూపిద్దామనీ," అన్నాడు.

ఆవిడ గొంతు తగ్గించింది. "సర్, ఇంకో పద్ధతి ఉంది. ఎవరూ వాడరు. నేను కూర్చుని చూస్తాను, మీరు పక్కనుండి చెప్పండి, నేను రాసుకుంటాను. అప్పుడు రాసేది నేను కాబట్టి అది మీ అనువాదం కాదు. పైవాళ్ళు ఒప్పుకోవాలి."

పైవాళ్ళు మార్చి నెలలో ఒప్పుకున్నారు.

క్యాసెట్టు చూసే రోజు కోటేశ్వరి పెట్టెలోంచి పట్టుచీర తీసి కట్టుకుంది. ఉజ్వల స్కూలు ఎగ్గొట్టి వచ్చింది. తీరా వెళ్ళాక, ఇంకా అనుమతి రాని సినిమాని దరఖాస్తుదారు తప్ప వేరెవరూ చూడకూడదన్నారు. పైగా అమ్మాయి చిన్నపిల్ల. తల్లీ కూతుళ్ళు బయట బెంచీ మీద కూర్చున్నారు. గదిలో ఒక టీవీ, రెండు కుర్చీలు. క్యాసెట్టు పెట్టారు. బొమ్మ పడింది కానీ రంగులు లేవు. ఆ దేశాల టేపుల రంగులు ఇక్కడి మెషిన్ పట్టుకోలేదట. కేశవరావుకి జ్ఞాపకమున్న ఎర్ర పడవా, టిక్కెట్లావిడ పచ్చ శాలువా, అన్నీ బూడిద రంగులో ఉన్నాయి.

ఆయన చెప్తున్నాడు, ఆవిడ రాసుకుంటోంది. సున్నా చెల్లదని ఫారం తిరిగొచ్చే చోట మేడమ్ నూర్‌హయాతి పుసుక్కున నవ్వి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత ఇంకో రెండుచోట్ల చెయ్యి అడ్డం పెట్టుకోవడం మర్చిపోయింది.

నలభై నిమిషాలు దాటాక టిక్కెట్టు వరస వచ్చింది. కేశవరావు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"తర్వాత సర్? ఆ అబ్బాయి ఏమన్నాడు?"

"ఆ అబ్బాయి నేనేనండి," అన్నాడు.

ఆవిడ పెన్ను కింద పెట్టింది. టేపు వెనక్కి తిప్పింది. ఇద్దరూ మళ్ళీ చూశారు. ఇంకోసారి తిప్పింది. ఆ గదిలో టేపు ఆపకుండా చూడాలని గోడ మీద రాసి ఉంది. ఆవిడ దానికేసి చూడలేదు.

బయటికొచ్చాక కోటేశ్వరి లేచి ఎదురొచ్చి, "కనపడ్డారా?" అంది.

"కనపడ్డాను."

"ఎలా ఉన్నారు?"

"అక్కడ బాగా చలి," అన్నాడు.

అనుమతి కాగితం ఆరు వారాల్లో వస్తుందన్నారు. ఆ ఆరు వారాల్లో ఊరంతా తలకిందులైంది. కొత్త కొత్త కంప్యూటర్ కంపెనీలు ఒక్కొక్కటే తలుపులు మూశాయి. తారీఖుల గండం ఏడాది కిందటే గడిచిపోయింది. కోబాల్ మనుషుల్ని ఇంకా ఎందుకు ఉంచారో ఎవరికో అప్పుడు గుర్తొచ్చింది. మే మొదటివారంలో టీమ్ లీడర్ నవనీత్, వరంగల్ కుర్రాడు, ఆయన్ని మీటింగ్ గదిలోకి పిలిచి నీళ్ళ గ్లాసు ముందుకి జరిపాడు.

"సార్, ఏమనుకోకుర్రి. లిస్టు పైనుంచే వచ్చింది. నా చేతుల ఏం లేదు సార్. వచ్చే నెల నా పేరే ఉంటదో ఏమో."

"నువ్వేం చేస్తావు బాబూ," అన్నాడు కేశవరావు.

ఉద్యోగంతోపాటు, ఇక్కడ ఉండడానికి ఇచ్చిన పని పాసు కూడా రద్దయింది. నెలరోజుల్లో దేశం విడిచి వెళ్ళాలి. ఉజ్వల స్కూల్లో ఏడ్చి కళ్ళు వాచి వచ్చింది. కోటేశ్వరి అట్టపెట్టెలు తెచ్చి గిన్నెలు కాగితాల్లో చుట్టడం మొదలుపెట్టింది. అలా సర్దుతుండగా ఒక పొద్దున ఆ కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. సంతోషకరమైన విషయం, మీ క్యాసెట్టు గృహ వినియోగానికి అనుమతించబడింది, చెల్లుబాటయ్యే పాసు చూపించి తీసుకోగలరు.

ముగ్గురూ కలిసి వెళ్ళారు. మేడమ్ నూర్‌హయాతి ఆయన్ని చూడగానే లేచి నిలబడింది. నంబరు కొట్టి చూసింది. మళ్ళీ కొట్టింది. పాసు రద్దయినట్టు తెర మీద కనిపిస్తోంది.

"మేం ఇంకా పన్నెండు రోజులు ఇక్కడే ఉంటామండి."

"తెలుసు సర్."

"ఎయిర్‌పోర్టులో ఇవ్వకూడదా? విమానం ఎక్కేముందు?"

ఆవిడ లోపలికి వెళ్ళింది. ఇరవై నిమిషాలు రాలేదు. అద్దం వెనక ఆవిడ ఎవరితోనో చేతులు తిప్పుతూ మాట్లాడడం, అవతలి మనిషి తల అడ్డంగా ఊపడం కనిపించాయి. వచ్చేసరికి ఆవిడ మొహం ఎర్రబడి ఉంది.

"పంపినవారికే తిప్పి పంపాలట సర్. అదొక్కటే దారి."

కేశవరావు తల ఊపాడు. సంతకం పెట్టమన్నచోట పెట్టాడు. కోటేశ్వరి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

అప్పుడు మేడమ్ నూర్‌హయాతి పక్క తలుపు తీసుకుని కౌంటరు ఇవతలికి వచ్చింది. ఉజ్వల ముందు కాస్త వంగి నిలబడింది.

"నేను చూశాను, తెలుసా? మీ నాన్నని. మూడుసార్లు."

"రియల్లీ ఆ?" అంది ఉజ్వల.

"రియల్లీ. చాలా సన్నగా ఉన్నారు. ఇంత పెద్ద కోటు, చేతులు బయటికి రావు. టోపీ ఒక చెవి పైకి, ఒక చెవి కిందకి. కిటికీ దగ్గరికి వచ్చి చాలా మర్యాదగా అడిగారు. ఆవిడ కిటికీ మూసేసింది. మీ నాన్న కదల్లేదు. మూసిన కిటికీకి ఇలా," అని ఆవిడ తల కొంచెం వంచి చూపించింది, "థాంక్యూ చెప్పారు. మాట పైకి వినపడదు. పెదవులు కదిలాయి. నాకు నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది."

కేశవరావుకి ఆ సంగతి తెలియదు. తను థాంక్యూ చెప్పినట్టు ఆయనకి జ్ఞాపకం లేదు. దర్శకుడు చెప్పమనలేదు. గదిలో మూడుసార్లు చూసినప్పుడూ ఆయన కళ్ళకి టోపీ తప్ప ఏమీ ఆనలేదు.

"హ్యాండ్‌సమా?" అని ఉజ్వల అడిగింది.

"చెవులు పెద్దవి," అంది మేడమ్ నూర్‌హయాతి. కోటేశ్వరికి ఇంగ్లీషు కొంతే అర్థమైంది. అయినా ఆవిడ చేతులు రెండూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. బయటికి వచ్చేటప్పుడు మేడమ్ నూర్‌హయాతి వెనకనుంచి, "జాగ్రత్త అంకుల్," అంది.

జూన్‌లో వాళ్ళు విశాఖపట్నం చేరారు. కేశవరావుకి పాత ఉద్యోగం ఇవ్వలేదు. ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పడానికి కుదిరాడు. ఉజ్వల కొన్నాళ్ళు కొత్త స్కూల్లో ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత అలవాటుపడింది. ఆగస్టులో ఆయన డాబాగార్డెన్స్‌లో ఒక నెట్ సెంటర్‌కి వెళ్ళి మెయిల్ తెరిస్తే అర్కాదీ ఉత్తరం ఉంది. క్యాసెట్టు తిరిగి వచ్చిందట. అయితే విదేశం నుంచి వచ్చిన క్యాసెట్టు కాబట్టి అక్కడి పోస్టాఫీసు వాళ్ళు నిలిపి ఉంచారట. అందులో ఏముందో ధ్రువపత్రం తెమ్మంటున్నారట. మూడుసార్లు వెళ్ళాడు. ఆఫీసు మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు పనిచెయ్యదు, తనకి మోకాళ్ళ నొప్పులు.

వెళ్ళకు, వదిలెయ్యి అని కేశవరావు రాశాడు.

అర్కాదీ వదిలేయలేదు. శీతాకాలం దాకా వెళ్తూనే ఉన్నట్టు రాశాడు. ఆ తర్వాత అతని దగ్గరినుంచి ఉత్తరాలు రావడం తగ్గిపోయింది. క్యాసెట్టు ఏమైందో తెలియదు.